ఒకటిన్నర ఏనుగుల ఇల్లు

రిటైరైనవాళ్లు జ్ఞాపకాలు రాసుకుంటారు. నాకింకా ముప్ఫై నిండలేదు. అయినా ఆ ఉద్యోగం మానేసిన రోజు ఆఫీసులో నాకు ఒక శాలువా కప్పి, పూతరేకుల డబ్బా చేతిలో పెట్టి, ఫోటో తీశారు. కాబట్టి నేనూ రిటైరైనట్టే లెక్క. పాత కట్టడాల వివరాలు సేకరించే పనిలోకి కొత్తగా వెళుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఉంటే ఇది మీ కోసం. చదివాక కూడా వెళ్లాలనిపిస్తే వెళ్లండి, నేనేం అడ్డుపడను.

మాది రాజమండ్రిలో చిన్న సంస్థ. డెల్టాలో మిగిలిన పాత ఇళ్ల జాబితా తయారుచేసే పని మాకు అప్పగించారు. ఇంటికి వెళ్లాలి, కొలవాలి, ఫోటోలు తీయాలి, కట్టినవాళ్ల చరిత్ర ఒక పేజీలో రాయాలి. ఆ పేజీని ఇంటి హక్కుదారులందరూ ఒప్పుకుని సంతకం చేయాలి. జాబితాలోకి ఎక్కిన ఇంటికి ప్రభుత్వం పైకప్పు బాగుచేయిస్తుంది, గుమ్మం పక్కన చరిత్ర పలక పెడుతుంది. ఆ తర్వాత ఆ ఇంటిని విప్పి కలప అమ్ముకోవడానికి వీల్లేదు. వినడానికి ఎంత హాయిగా ఉందో చూశారా? నేనూ ఇలాగే విని చేరాను. "హక్కుదారులందరూ ఒప్పుకుని" అన్న ముక్క దగ్గర నన్ను ఎవరూ ఆపలేదు.

నరసాపురానికి కొంచెం ఇవతల, కాలువ గట్టున ఉంది ఆ ఇల్లు. మండువా లోగిలి. మధ్యలో ఆకాశానికి తెరిచి ఉన్న మండువా, చుట్టూ టేకు స్తంభాలు, వాటి మీద నాలుగు వైపుల నుంచి లోపలికి వాలే పెంకుల కప్పు. వాన కురిస్తే నీళ్లన్నీ మండువాలో పడి, నడుమ ఉన్న తూములోంచి కాలువలోకి పోతాయి. పాతకాలపు వాళ్ల తెలివికి దండం పెట్టాలనిపిస్తుంది.

తర్వాతి కాలపు వాళ్ల తెలివికి కూడా పెట్టాలి, కానీ వేరే రకం దండం. ఇల్లు ఇద్దరు అన్నదమ్ములది. వాళ్ల కొడుకుల కాలంలో పంపకాలు జరిగాయి. మండువా మధ్యలో గోడ లేచింది. ఎవరికీ అన్యాయం జరగకూడదని తాడు పట్టి, సరిగ్గా సగానికి కొలిచి కట్టారు. తూము కూడా సరిగ్గా సగంలోనే ఉంది. కాబట్టి గోడ వెళ్లి తూము మీద కూర్చుంది. తూము ఒక వాటాకి పోకూడదని ఇద్దరికీ లేకుండా చేసుకున్నారన్నమాట. అప్పటి నుంచి వాన వస్తే రెండు వాటాల్లోనూ మోకాళ్ల లోతు నీళ్లు. రెండు వాటాల వాళ్లూ బకెట్లతో తోడి వీధిలో పోసుకుంటారు. వాళ్ల మనవలకి అది వానాకాలపు ఆటగా మారింది.

ఇప్పుడు పెద్ద వాటాలో ఆ అన్న మనవడు, చిన్న వాటాలో ఆ తమ్ముడి మనవడు ఉంటున్నారు. ఇద్దరూ తాతయ్యలే. వరసకి అన్నదమ్ములు. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. ఒకరి గురించి ఒకరు మాత్రం రోజంతా మాట్లాడగలరు. పెద్దాయన చిన్నాయన్ని "అతను" అంటాడు. చిన్నాయన పెద్దాయన్ని "అవతలి వారు" అంటాడు. మర్యాదలో మాత్రం ఎక్కడా లోటు లేదు.

మొదటి పొరపాటు మా సార్‌ది. "ఇంటి యజమాని గారికి" అని ఒకే నోటీసు పంపారు. పోస్ట్‌మాన్ దాన్ని పెద్దాయన చేతిలో పెట్టాడు. నేను వెళ్లేసరికి చిన్నాయన అరుగు మీద నాకు వీపు చూపించి కూర్చున్నాడు.

"యజమాని గారు అవతల ఉన్నారు మేడం గారూ. మేం అద్దెకుంటున్నాం," అన్నాడు గోడతో.

రాజమండ్రి తిరిగి వెళ్లి రెండు నోటీసులు రాయించాం. అప్పుడు ఎవరికి ముందివ్వాలన్న ప్రశ్న వచ్చింది. చివరికి నేనొక గుమ్మం దగ్గర, మా ఫోటోగ్రాఫర్ ఇంకో గుమ్మం దగ్గర నిలబడి, ఫోన్లో "ఇచ్చెయ్" అనుకుని ఒకేసారి ఇచ్చాం. నేను ఇంజినీరింగ్ చదివింది ఇందుకే.

కాఫీ సంగతీ అంతే. పెద్ద వాటాలో తాగితే చిన్న వాటాలో తాగాలి. ఒకచోట పెసరట్టు తింటే రెండో చోట తప్పదు. మా ఫోటోగ్రాఫర్‌కి ఆ కుటుంబ కలహం దేవుడిచ్చిన వరం. "పాపం, ఇంకొన్నాళ్లు రాజీ పడకపోతే బాగుణ్ను," అనేవాడు ఉప్మా పెసరట్టు మడుస్తూ.

ఆ ఇంట్లో పనిగట్టుకుని మా వెంటపడింది ఒక్క మనిషే, చిన్నాయన కోడలు. నలభై దాటిన ఆవిడ. మాట కత్తెరలాగా ఉంటుంది. తన వాటాలో వెనక గది, వరండా లేసు పనికి పెట్టుకుంది. చుట్టుపక్కల ఆడవాళ్లు డజను మంది దాకా అక్కడ కూర్చుని లేసు అల్లుతారు. టేబుల్ క్లాత్‌లు, కర్టెన్లు మూటలు కట్టి నరసాపురం పంపుతుంది. ఇంటిని నడిపేది ఆ మూటలే. ఆవిడ భర్తకి రొయ్యల చెరువులు ఉన్నాయి, అంటే అప్పులు ఉన్నాయి. ఆయన ఒక కలప వ్యాపారిని తీసుకొచ్చి చిన్న వాటా స్తంభాలు, దూలాలు చూపించాడు. వ్యాపారి స్తంభాన్ని గోటితో గీకి, వాసన చూసి, నెలాఖరుకి మనుషుల్ని పంపుతానన్నాడు.

"మా మావయ్య గారు నాకు మాటిచ్చారండి," అంది ఆవిడ మొదటి రోజే. "జాబితాలో చేరితే అమ్మనన్నారు. చేరకపోతే కొడుకు మాట. ఇల్లు విప్పితే నేనెక్కడికి పోవాలండీ? ఈ ఆడవాళ్లెక్కడికి పోవాలి? టేకు ముక్క మీద కూర్చుని అల్లుకుంటామా?"

"మీ వాటా విప్పితే కప్పు ఒకటే కదండీ, పెద్ద వాటా కూడా కూలుతుంది," అన్నాను.

"ఆ మాట పెద్దమావయ్య గారికి చెప్పి చూడండి."

చెప్పాను. పెద్దాయన పడక్కుర్చీలో వెనక్కి వాలాడు. "కూలితే కూలనీయమ్మా. అతని వల్ల కూలిందని ఊరంతా తెలుస్తుంది."

ఈ జవాబుతో ఎవరేం చేయగలరు? నేను రాసుకున్నాను.

అయినా అసలు చిక్కు చరిత్ర దగ్గర మొదలైంది. పెద్దాయన లెక్కలో ఇల్లు కట్టింది ఆయన తాత. రంగూన్ టేకు తెప్పించి, పడవల మీద కాలువలో దించి, వడ్రంగుల్ని ఏళ్ల తరబడి ఇంట్లో పెట్టుకుని కట్టించాడు. తమ్ముడు అప్పటికి పసివాడు, పిల్లిమొగ్గలేసుకునేవాడు. చిన్నాయన లెక్కలో కట్టింది ఆయన తాత. టేకు, పడవలు, వడ్రంగులు మామూలే. అన్నగారు అప్పటికి నాటకాల పిచ్చిలో ఊళ్లు తిరిగేవాడు. ఒక దొర వచ్చి ఈ ఇంట్లో బస చేశాడన్న విషయంలో ఇద్దరికీ భేదం లేదు. ఏ గదిలో అనే దగ్గరే భేదం వచ్చింది. దొర పెద్ద వాటాలోనూ పడుకున్నాడు, చిన్న వాటాలోనూ పడుకున్నాడు. అప్పటికి గోడ లేదు కాబట్టి నిద్రలో దొర్లి ఉంటాడని రాసుకున్నాను.

సింహద్వారం పైన గజలక్ష్మి చెక్కడం ఉంది. అమ్మవారికి ఒక పక్క నిండు ఏనుగు. రెండో పక్క ఏనుగు తొండం, తల, ముందుకాళ్లు. మిగతా ఏనుగు లేదు.

"వడ్రంగి పని మధ్యలో పోయాడమ్మా," అన్నాడు పెద్దాయన.

"అన్నగారు కూలి ఎగ్గొట్టాడండి, వడ్రంగి అక్కడితో ఆపేశాడు," అన్నాడు చిన్నాయన.

నిచ్చెన వేసుకుని పైకెక్కి చూశాను. ఏనుగు చెక్కడం ఆగలేదు. రంపంతో కోశారు. కోత తేటగా కనిపిస్తోంది. అంటే ఆ చెక్క ఇంతకంటే వెడల్పైన గుమ్మానికి చేసింది. ఈ గుమ్మంలో పట్టలేదు, ఏనుగు నడుము దగ్గర తెగింది.

ఇక అక్కడి నుంచి ఇల్లంతా వేరేగా కనిపించడం మొదలైంది. దూలాల్లో ఏమీ దూరని బెజ్జాలు ఉన్నాయి, వాటికి చెక్కముక్కలు బిగించి రంగు పూశారు. స్తంభాల మీది తామరపూల వరస గోడలోకి దూరిపోయింది. గోడకి చూపించడానికి ఎవరు పూలు చెక్కుతారు? ప్రతి అతుకు దగ్గరా వడ్రంగులు గుర్తుకి పెట్టుకున్న గాట్లు రెండు వరసలు ఉన్నాయి. ఒక వరస పాతది, ఇప్పుడున్న క్రమంతో కలవదు. రెండోది కలుస్తుంది. ఒకసారి బిగించిన ఇల్లు విప్పి, మళ్లీ ఇంకోసారి బిగిస్తేనే ఇలా ఉంటుంది.

తేలిందేమిటంటే, ఆ ఇంటిని అన్నా కట్టలేదు, తమ్ముడూ కట్టలేదు. ఎక్కడో ఎవరో కట్టారు. ఈ అన్నదమ్ములు దాన్ని విప్పించి, పడవల మీద వేసుకొచ్చి ఇక్కడ నిలబెట్టారు. పెద్దాపురం వైపు ఏ బంగళాదో అయి ఉండొచ్చని మా సార్ ఊహించారు. ఊహ కాబట్టి రాయొద్దన్నారు.

నేను ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ఎవరూ కట్టలేదంటే ఇక తగువుండదు కదా అనుకున్నాను. నిజం చెబితే గొడవ ఆగుతుందనుకునే వయసు అది. ఇప్పుడు నాకు అంతకంటే ఒక ఏడాది ఎక్కువ.

నెలాఖరు ఇంకా రెండు రోజులుందనగా అందర్నీ వీధి అరుగు మీద సమావేశపరిచాం. అరుగుకి కూడా వాటాలున్నాయి. పెద్దాయన ఆ చివర, చిన్నాయన ఈ చివర, నేను వీధిలో ఎండలో. కోడలు గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో లేసు సూది ఆడుతూనే ఉంది. కోసిన ఏనుగు, బెజ్జాలు, గాట్లు, అన్నీ ఫోటోలతో సహా చూపించి విషయం చెప్పాను.

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నాకే మనసు చివుక్కుమంది. పాపం, ఒక్కసారిగా తాతని లాగేసుకున్నట్టయిందేమో అనుకున్నాను.

"అంటే," అన్నాడు నెమ్మదిగా, "అంత పెద్ద ఇల్లు ఊడబెరికి తేవాలంటే ఎన్ని పడవలు కావాలమ్మా?"

"చాలానే కావాలండి."

"పడవలు ఎవరివో తెలుసా? మా తాతవి."

"పడవలు ఎవరివైతేనేం మేడం గారూ," అన్నాడు చిన్నాయన ఈ చివర నుంచి, "బేరం చేసింది మా తాత. అవతలి వారి తాతకి బేరం చేతనైతే నాటకాల్లో ఎందుకు తిరుగుతాడు?"

"అతని తాత పడవలో కూర్చుని వాంతులు చేసుకున్నాడని మా నాయనమ్మ చెప్పేదమ్మా. రాసుకో."

రాసుకోలేదు. మా ఫోటోగ్రాఫర్ రాసుకున్నాడు. నేను అరుగు మెట్టు మీద కూలబడ్డాను. మా సార్‌కి ఫోన్ చేస్తే "ఓపిక పట్టండి" అన్నారు. ఆయన ఏసీలో ఉన్నారు.

అప్పుడు వాన వచ్చింది. అది వేసవి వాన. గాలి లేచి, దుమ్ము లేచి, అరటాకులు చీరుకుపోయి, తర్వాత ఎవరో పైనుంచి గంగాళం బోర్లించినట్టు కుమ్మేసింది. ఇందులో ఆకాశం కరుణించడం లాంటిదేమీ లేదు, ఆ నెలలో అక్కడ అలాగే పడుతుంది. పెద్దాయన తన గుమ్మంలోంచి లోపలికి, మేమంతా కోడలి వెంట చిన్న వాటాలోకి పరుగెత్తాం.

మండువా నిండడానికి ఎంతోసేపు పట్టలేదు. నాలుగు వైపుల కప్పు నీళ్లు రెండు తొట్టెల్లో పడుతున్నాయి, పోవడానికి దారి లేదు. చూస్తుండగానే వరండా మెట్టు మునిగింది. వెనక గదిలో మర్నాడు నరసాపురం వెళ్లాల్సిన మూటలున్నాయి. బురద నీళ్లు తగిలిన తెల్ల లేసుని ఎవరూ తీసుకోరు. ఆడవాళ్లు మూటలు నెత్తికెత్తుకుని బల్లలెక్కుతున్నారు. చిన్నాయన బకెట్‌తో తోడుతున్నాడు. తోడిన నీళ్లు వీధి దాకా మోసే తీరిక లేక ఇంకో మూల పోస్తున్నాడు.

"తూము తెరవండి!" అని అరిచాను.

"గోడ మీద చెయ్యి వేయకూడదండి," అంది కోడలు పళ్లు బిగించి. "కాపురానికొచ్చిన రోజు నుంచి అదే మాట. గోడ ముట్టుకోకు, గోడ ముట్టుకోకు. దేవుడి గదిలో కూడా ఇంత మడి లేదు."

అంటూనే ఆగింది. మూట పక్కామె చేతికిచ్చింది. గోడ దగ్గరికి నీళ్లలో నడిచి వెళ్లి, తలెత్తి గట్టిగా పిలిచింది.

"పెద్దమావయ్య గారూ! ఈ గోడ ఎవరు కట్టారండీ?"

అవతల నుంచి నీళ్లు తోడుతున్న చప్పుడు ఆగింది. "ఎవరు కట్టడమేంటమ్మా? మీవాళ్లే. మీ తాతగారు కట్టాడు. మా నాన్న వద్దని ఏడ్చాడు."

ఆవిడ ఇటు తిరిగింది. "మావయ్య గారూ, గోడ మనమే కట్టామంటున్నారు. అవునాండీ?"

"మనమా?" చిన్నాయన బకెట్ వదిలేశాడు. "మా నాన్న దీనికి ఒక్క ఇటుక కూడా మోయలేదు! ఇది అవతలి వారి గోడ. వాళ్లే కట్టారు, వాళ్లదే."

"మాది కానే కాదు!" అని అవతల నుంచి.

"మాది అంతకంటే కాదు!" అని ఇవతల నుంచి.

ఇంత పెద్ద ఇంటికి, పడవలకి, బేరానికి, నిద్రలో దొర్లిన దొరకి కూడా హక్కుదారులున్నారు. ఆ గోడకి మాత్రం ఒక్కడూ లేడు.

"విన్నారుగా మేడం గారూ," అంది ఆవిడ. "ఎవరిదీ కాదట. ఇక నన్ను అడిగేవాడెవడు?"

మూలనున్న గునపం తీసుకుని గోడ అడుగున పొడిచింది. సున్నం గోడ, ఏళ్ల తరబడి నానినది. నాలుగు పోట్లకి నీళ్ల మట్టం పైదాకా ఇటుకలు జారిపోయాయి. గునపం కింద తూము నోరు బయటపడింది. ముందు బుడగలు వచ్చాయి, తర్వాత ఒక పాత చెప్పు వచ్చింది, ఆ తర్వాత గుడగుడమని నీళ్లు తిరగడం మొదలైంది. రెండు వైపుల నుంచీ.

బెజ్జంలోంచి పెద్దాయన పంచె అంచు, నీళ్లలో మునిగిన మంచం కోళ్లు కనిపించాయి. తర్వాత ఆయన వంగినట్టున్నాడు, కళ్లజోడు కనిపించింది.

కోడలు ఒక ఇటుక చేతిలో పట్టుకుంది. "పెద్దమావయ్య గారూ, నీళ్లు పోతున్నాయాండీ?"

"పోతున్నాయమ్మా, పోతున్నాయి. చల్లగా ఉండు."

"ఆ మేడం గారి కాగితం మీద సంతకం పెడతారా, ఇటుక మళ్లీ పెట్టేయమంటారా?"

"కాగితంలో ఏం రాశారో..."

ఆవిడ ఇటుకని తూము నోట్లో సగం దాకా పెట్టింది. గుడగుడ ఆగింది.

"ఆగమ్మా, ఆగు! పెడతాను!"

మామగారు నోరు తెరిచాడు. ఆవిడ ఇటు చూసింది, అంతే. ఆయన నోరు మూసుకుని బకెట్ తీశాడు.

నేను అక్కడే బల్ల మీద నిలబడి, ఒక లేసు మూట నడుముకి ఆనించుకుని, పేజీ మళ్లీ రాశాను. ఇల్లు మొదట ఎవరు కట్టారో తెలియదు. ఇద్దరు అన్నదమ్ములు కలిసి పడవల మీద తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. "కలిసి" అన్నచోట పెద్దాయన బెజ్జంలోంచి ఏదో గొణిగాడు. "ఇంత ఇల్లు ఒక్కడు మోసుకొస్తాడాండీ?" అంది కోడలు, ఇటుక ఇంకా చేతిలోనే ఉంది. అక్షరం మార్చలేదు. నేను ఆ ఉద్యోగంలో రాసినవాటిలో అతి చిన్న చరిత్ర అదే.

కాగితాన్ని పాలిథిన్ కవరులో పెట్టి, పెన్నుతో సహా బెజ్జంలోంచి అవతలికి అందించాం. కొంతసేపటికి కాగితం తిరిగొచ్చింది. పేజీ అడుగున సగం స్థలం తినేస్తూ పెద్ద సంతకం. చిన్నాయన దాన్ని చాలాసేపు చూశాడు. ఇంకా పెద్దది పెట్టాలన్న ఆశ మొహంలో కనిపించింది. సంతకం పెట్టడానికి చెయ్యి చాపాడు. పెన్ను తిరిగి రాలేదు.

మా దగ్గర ఇంకో పెన్ను లేదు. ఫోటోగ్రాఫర్ జేబులు తడిమాడు, అందులో జీడిపప్పు పాకం ముక్క ఉంది. కోడలు కలగజేసుకోలేదు. ఆడవాళ్లు బల్లల మీద నుంచి చూస్తున్నారు. చిన్నాయన అటూ ఇటూ చూసి, నడుము పట్టుకుని, నీళ్లలోకి నెమ్మదిగా వంగి బెజ్జం దగ్గర మొహం పెట్టాడు.

"అన్నయ్యా," అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "పెన్ను."

బెజ్జంలో మళ్లీ కళ్లజోడు కనిపించింది.

"ఏ పెన్నురా?" అన్నాడు పెద్దాయన.

ఆ తర్వాత ఆ బెజ్జం దగ్గర జరిగిన వాగ్వాదంలో నాటకాలు, వాంతులు, దొర పడక, అన్నీ మళ్లీ వచ్చాయి. కాకపోతే ఈసారి నేను మధ్యలో లేను. చివరికి చిన్నాయన కోడలి దగ్గరున్న రంగు పెన్సిల్‌తో, లేసు మీద డిజైన్ గీసుకునే దానితో, సంతకం పెట్టాడు. మా సార్ చెల్లదన్నారు. చెల్లేలా చేశాను. ఎలాగో అడగకండి.

ఇల్లు జాబితాలోకి ఎక్కింది. కలప వ్యాపారి మనుషులు నెలాఖరుకి వచ్చి, కాఫీ రెండు చోట్లా తాగి వెళ్లిపోయారు. కప్పుకి కొత్త పెంకులు పడ్డాయి. బెజ్జాన్ని ఎవరూ పూడ్చలేదు, ఎవరిదీ కాని గోడ కదా, ఇంకొంచెం పెద్దదైందని విన్నాను. లేసు మూటలు వరండాలోనే కడుతున్నారట.

ఆ పెన్ను నాది. ఇంతవరకు రాలేదు.